గవ్వలపేటకు కొలతలు తీసిన మనిషి

ఏ ఎన్నికలోనూ నిలబడకుండా పదకొండేళ్ళు సర్పంచ్‌గా చేసినవాణ్ణి నేను. ఊరి పేరు గవ్వలపేట. మ్యాపుల్లో వెతకకండి, దొరకదు. కొత్తకోట బస్టాండు వెనక నా దర్జీ దుకాణంలో, బట్ట కత్తిరించే బల్ల మీద ఉండేది ఆ ఊరు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నెలకోసారి లేచేది, గుడ్డతో తుడిస్తే పోయేది, మళ్ళీ నెల సరిగ్గా అక్కడే లేచేది.

ఆ ఊరిని కట్టినాయన ఈమధ్య పోయాడు. ఆ కబురు వెనకాలే చౌటుప్పల్ నుంచి నాకో పార్సిల్ వచ్చింది. విప్పితే దర్జీలు వాడే కొలతల పుస్తకం ఒకటి, చిన్న గుడ్డసంచీ ఒకటి. సంచీ కదిపితే లోపల గలగలమంది. ఆ చప్పుడుకు నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఎవరిదో పెండ్లికొడుకు ప్యాంటు సగంలో ఉండింది. పాపం, ఇంకా సగంలోనే ఉంది.

ఆయన కుట్టుమిషన్ల మిస్త్రీ. ఇల్లు మహబూబ్‌నగర్‌లో. నెలలో ఒక వారం మా వైపు, ఒక వారం హైదరాబాదు దాటి చౌటుప్పల్ వైపు తిరిగేవాడు, మిగతా రోజులు సొంతూళ్ళో. లోకమంతా మిస్త్రీ అనేది, నేను చాచా అనేవాణ్ణి. మిషన్ దగ్గరికొస్తే ముందు పానా తియ్యడు. వంగి, దాని తలకు చెవి ఆనించి, "తొక్కు" అంటాడు. కండ్లు మూసుకుని వింటాడు. "దీనికి జలుబు" అంటాడు. లేకపోతే "దీనికి కోపం" అంటాడు. ఒకసారి నా మిషన్‌ను చాలాసేపు విని, "దీనికేం రోగం లేదు, తొక్కెటోనికే మనసు లేదు" అన్నాడు. ఆ వారమే నాకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ సంగతి మిషన్‌కు నేను చెప్పలేదు మరి.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఏడో తరగతి నన్ను మూడేళ్ళు చదివి, ఏమీ అర్థంకాక వదిలేసింది. ఎనభైల చివర్లో దుకాణం పెట్టాను. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆయనకు నా రెండింతలు. ఒక సెలవు రోజు మిషన్‌కు నూనె పెట్టి, చాయ్ సాసర్లో పోసుకుని చప్పరించి, బట్ట మీద గుర్తులు పెట్టే అరిగిన సబ్బు ముక్క తీసుకుని నా బల్ల మీద గీతలు గియ్యడం మొదలుపెట్టాడు. రైలు గేటు, బడి, పిండిగిర్ని, తహసీల్ ఆఫీసు. ఒక చివర వాగు. వాగు అవతల బల్ల అయిపోయింది.

"ఇగ నువ్వెవరో చెప్పు" అన్నాడు.

"దర్జీని."

"గది బల్ల కింద. బల్ల మీద ఎవరివి?"

నవ్వులాటకు "సర్పంచ్" అన్నాను. ఆయన నవ్వలేదు. నా మెడలోని టేపు లాక్కుని, బల్ల ముందు వంగి, ఎవరూ లేని గాలికి కొలతలు తియ్యడం మొదలుపెట్టాడు. ఛాతీ అంటే ధైర్యం. భుజం అంటే మోసే బలం. నడుము అంటే ఆకలి. చెయ్యి పొడవు అంటే ఎంత దూరం అందుకోగలడో అంత. అన్నీ కొలతల పుస్తకంలో రాసుకున్నాడు.

"ఛాతీ ముప్పై" అన్నాడు.

"ముప్పై ఇంచుల సర్పంచ్ ఎక్కడన్న ఉంటడా చాచా? మా మేనల్లుడి ఛాతీ గంతుంటది, వాడు ఆరో తరగతి."

"టేపు అబద్ధం చెప్తదా? ఏడాదికోపారి మల్ల కొలుస్త. పెరిగితే పెరిగినట్టే రాస్త."

ఆటకు ఏడు గవ్వలు. మనం ఊళ్ళో చెయ్యదలచిన పని చెప్పి వెయ్యాలి. నాలుగు, అంతకు పైన వెల్లకిలా పడితే పని అయినట్టు. తక్కువ పడితే కానట్టు. ఛాతీ ముప్పయ్యారో అంతకు మించో ఉన్నవాడు ఓడిపోతే ఇంకోసారి వెయ్యవచ్చు. ముప్పై ఇంచులవాడికి ఒక్కటే వేత. రూల్సు ఇంతే. పక్కన టైర్ల దుకాణపాయన గిర్ని యజమానిగా చేరాడు. ఇద్దరం కలిసి మొదటి నెలలోనే తహసీల్దారు మేకను పోగొట్టి, మూడు నెలలు దాన్ని వెతికాం.

అసలు విశేషం రెండో నెలలో తెలిసింది. ఆయన వస్తూనే, "వాగు మీద వంతెనకు రాళ్ళు పడ్డయి సర్పంచ్ సాబ్" అన్నాడు.

"ఎవరినడిగి?"

"బస్సు డ్రైవర్ ఏపిచ్చింది."

"ఏ డ్రైవర్? మా ఊళ్ళె బస్సెక్కడిది?"

ఆయన కండ్లద్దాలు తుడుచుకుని నిదానంగా చెప్పాడు. ఇదే ఊరు చౌటుప్పల్‌లో ఒక లేడీస్ టైలర్ బల్ల మీద కూడా ఉందట. మహబూబ్‌నగర్‌లో ఆయన ఇంటి అరుగు మీద కూడా ఉందట. ఒక చోట జరిగింది మిగతా చోట్ల కూడా జరిగినట్టే. ఆ కబుర్లు మోసేది ఆయనా, ఆర్టీసీ బస్సూ. మేక చౌటుప్పల్‌లో దొరికిందని అప్పుడే తెలిసింది. అక్కడివాళ్ళు దానికి పేరు కూడా పెట్టుకున్నారు.

నాకు ఒకటే ఆశ్చర్యం. ఆయన వెళ్ళాక టేపు పెట్టి కొలిచాను. గిర్ని నుంచి రైలు గేటుకు పదకొండు ఇంచులు. మరుసటి నెల మళ్ళీ కొలిస్తే పదకొండే. చౌటుప్పల్ బల్ల చిన్నదట కదా, మరి అక్కడ ఊరు చిన్నగుంటుందా అని అడిగితే, "ఊరు గంతనే. నీ బల్లనే పెద్దగున్నది" అన్నాడు.

ఇదంతా ఎక్కడ నేర్చాడో ఎన్నిసార్లు అడిగానో. ఒకసారి వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ, ఆడించిన గవ్వలాట అన్నాడు. ఒకసారి కల అన్నాడు. ఇంకోసారి, బొంబాయిలో పనిచేసేటప్పుడు పక్క గదిలో కాలేజీ పోరగాళ్ళు ఇరవై ముఖాల పాచిక వేసి, ఇంగ్లీషు పుస్తకం ముందర పెట్టుకుని ఆడేవాళ్ళని చెప్పాడు.

"వాళ్ళది రాక్షసులను సంపుడు ఆట. రాక్షసులు మనకెందుకు? మనకు తహసీల్ ఆఫీసున్నది గద!"

మూడింటిలో ఏది నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. మూడూ నిజమే అయి ఉంటాయని ఈమధ్య అనిపిస్తోంది.

దారిలో కనిపించినా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఒకసారి నిండు బస్సులో "సర్పంచ్ సాబ్, జర జరుగుండ్రి" అన్నాడు. వెనక సీటు పెద్దాయన ఒకరు దిగేదాకా నన్ను వదల్లేదు, పింఛను కాగితం మీద సంతకం కావాలని. చాచా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

నవ్వులాట మనిషే కానీ, గవ్వల దగ్గర మాత్రం కాదు. ఒకసారి బడి బావిలో నీళ్ళు పడతాయా అని వేస్తే మూడు వెల్లకిలా, మూడు బోర్లా పడ్డాయి. ఏడోది బల్ల పగులులో ఇరుక్కుని నిలువుగా నిలబడింది. నేను ఊదబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టకు. గది ఎట్ల పడ్డదో గట్లనే." నెల రోజులు ఆ గవ్వ అట్లాగే ఉంది. నేను దాని చుట్టూ తిరిగి బట్టలు కత్తిరించాను. గవ్వలపేట బడి బావిలో నెల రోజులు సగం నీళ్ళే. మూడు చోట్లా సగమే. ఆ నెల అయ్యాకనే మళ్ళీ వెయ్యనిచ్చాడు.

ఇక ఆ బస్సు డ్రైవర్, అంటే చౌటుప్పల్ లేడీస్ టైలర్. ఆమెకు ఒకటే పట్టు, బస్సు వాగు దాటాలి. ఊళ్ళోనే తిరిగి తిరిగి విసుగొచ్చిందట. నేను సర్పంచ్‌ను కాబట్టి వంతెనకు అడ్డం పడ్డాను. ఎందుకంటే ఏం చెప్పను, అడ్డం పడకపోతే ఇంక సర్పంచ్ దేనికి? అర్జీలు చింపాను, మేస్త్రీలను వేరే పనికి పంపాను. ఆమె కబురు పంపేది: "సర్పంచ్‌కు చెప్పు, రోజూ పొద్దుగాల ఆయన ఇంటి ముంగటనే హారన్ కొడ్త." చాచా ఆ హారన్ కూడా నోటితో కొట్టి చూపించేవాడు. అట్లా ఆరేళ్ళు. రాయి మీద రాయి, గవ్వ మీద గవ్వ, ఆరేళ్ళకు వంతెన పూర్తయింది. ఆమె మొహం నేను ఎన్నడూ చూడలేదు.

ఇంకొక ఆట ఉండేది, ఒక్కపూట ఆట. మహబూబ్‌నగర్‌లో ఏటా దర్జీల మహాసభ జరిగేది. ఫంక్షన్ హాల్లో ముందర ఉపన్యాసాలు. వెనక వరసల్లో, ఏ మండలంవాళ్ళో తెలియని ఏడెనిమిది మందిని కూర్చోబెట్టుకుని చాచా ఆడించేవాడు. దానికి ఎప్పుడూ గవ్వలపేట వాడేవాడు కాదు. అప్పటికప్పుడు ఇంకో ఊరు గీసేవాడు. సాయంత్రానికి ఆ ఊరు మునిగేది, కాలేది, పెండ్లికొడుకు పారిపోయేవాడు, అందరూ కడుపుబ్బ నవ్వి బస్సెక్కేవాళ్ళు.

నాకు ఆ ఆటే ఎక్కువ ఇష్టమని ఒకసారి చెప్పాను. నెలకు ఒక రాయి లెక్కన నడిచే ఆట నా వల్ల కాదన్నాను.

"గది పెండ్లికి కిరాయి తెచ్చిన షేర్వాణి" అన్నాడు. "గా పూటకు మస్తుంటది. కుట్టు విప్పి సూస్తే లోపల ఇంచు బట్ట ఉండది. గవ్వలపేట బడిపిల్ల గౌను. ఏడాదికింత పెరుగుతది. అందుకే మడత లోపల బట్ట వదిలిపెట్టాలె."

"ఏది మంచిది మరి?"

"పెండ్లికి గౌను ఏసుకపోతవా?"

వంతెన పూర్తయిన ఏడాది చాచా చౌటుప్పల్ నుంచి జ్వరంతో దిగాడు. నాలుగు రోజుల్లో మహాసభ. "నువ్వే ఆడిపియ్యి. ఊరు మాత్రం వేరేది గియ్యి" అని కబురు పంపాడు.

ఊరు కొత్తగా గియ్యడానికి బద్ధకమేసింది. పైగా, నా ఊరు పదిమందికి చూపించుకోవాలన్న గీర. గవ్వలపేటే గీశాను. ఆడేవాళ్ళు ఎనిమిది మంది. వాళ్ళను బావులు తవ్వే జట్టుగా ఊళ్ళోకి దింపాను. మన మెట్ట ఊళ్ళలో బావి అంటే బండ, బండ అంటే దాన్ని పేల్చే మందు తూటాలు. బావి తవ్వారు, నీళ్ళు పడ్డాయి, సంబరం చేశారు. అప్పుడొకాయన, మొహం ఇప్పటికీ గుర్తుంది, పండ్ల సందులో సూదితో కెలుక్కుంటూ అడిగాడు:

"తూటాలు మిగిలినయి గద. ఏంజేద్దాం?"

"గా వంతెన లేపేద్దాం!" అన్నాడు ఇంకొకడు.

నేను ఆపవలసింది. ఆపలేదు. ఆరేళ్ళలో నేనెప్పుడూ అంత సంతోషంగా లేను. ఎనిమిది మందీ లేచి నిలబడ్డారు. గవ్వలు ఎగిరాయి. ఏడుకు ఏడూ వెల్లకిలా. వెనక వరసలన్నీ చప్పట్లు కొట్టాయి. వేదిక మీద అధ్యక్షుడు ఆ చప్పట్లు తనకే అనుకుని దండం పెట్టాడు. ఎనిమిది మందీ నా భుజం తట్టి వెళ్ళిపోయారు. రేపు ఆ ఊళ్ళో ఉండవలసినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

తరువాతి వారం చాచా వచ్చాడు. చెప్పాను. మిషన్‌కు చెవి ఆనించి ఉన్నాడు, తియ్యలేదు.

"ఎన్ని పడ్డయి?"

"ఏడు."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

మాట మార్చుకునేందుకు ఆయన నాకు చాలాసేపు అవకాశం ఇచ్చాడని ఇప్పుడు అనిపిస్తుంది. చివరికి లేచి, చేతులు తుడుచుకున్నాడు. "పడ్డది పడ్డట్టే. ఆమెకు నువ్వే చెప్పాలె. వంతెన కూలితే కబురు తీసుకపోవాల్సింది సర్పంచే గద."

హైదరాబాదులో బస్సు మారి చౌటుప్పల్ వెళ్ళాం. దారిలో వంతెన ఊసే ఎత్తలేదు. ఇంజను వింటూ కూర్చున్నాడు. "దీనికి దమ్ము రోగం" అన్నాడు ఒకసారి. అంతే.

ఆమె దుకాణం హైవే పక్కనే. నలభై ఏళ్ళుంటాయి. వాకిట్లోకి ముఖం పెట్టి మిషన్ తొక్కుతోంది. వచ్చేపోయే ప్రతి బస్సూ ఆమె ముందు నుంచే పోవాలి. చాచా నన్ను చూపించాడు.

"నువ్వేనా సర్పంచ్? ఇంకింత లావుంటవనుకున్న తమ్మీ" అంది.

"ఛాతీ ముప్పయ్యే అక్కా" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు చూశాక చెప్పడం ఇంకా కష్టమైంది.

"అక్కా, వంతెన కూలింది."

మిషన్ ఆగింది. "ఎవలు కూల్చిండ్రు?"

బావులు తవ్వేవాళ్ళు అని నోటిదాకా వచ్చింది. చాచా వాకిలి వైపు చూస్తున్నాడు.

"నేనే. వేరే ఊరు గియ్యమని చాచా చెప్పిండు, నేనే గియ్యలే. ఆపొచ్చు, ఆపలే. ఏడు గవ్వలు పడ్డయి."

"వాగుల నీళ్ళున్నయా?"

"ఉన్నయి."

"రాళ్ళు?"

"కొట్టుకపోయినయి."

ఆమె చేతిలోని జాకెట్టు తిరగేసింది, దారం పంటితో తెంపింది, మడత పెట్టింది. ఆరేళ్ళ పని పోయిందన్నది దిగమింగడానికి ఆమెకు ఆ మూడు పనుల సేపే పట్టింది. తరువాత తలెత్తి చాచా వైపు చూసింది.

"మంచిగైంది. బస్సు దాటినంకనే కూలింది గద."

నేను నోరు తెరిచాను.

"మీ మహాసభకు ముంగటి ఆదివారమే దాటిచ్చిన. నీకింక కబురు రాలేదేమో. సాబ్, పుస్తకం సూడుండ్రి."

చాచా కండ్లద్దాలు పెట్టుకున్నాడు. కొలతల పుస్తకం తీశాడు. ఆ పేజీ ముందు ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. హైవే మీద ఒక లారీ, రెండు బస్సులు పోయాయి. ఆమె ఆయన్ని చూస్తోంది, ఆయన పేజీని చూస్తున్నాడు.

"అవ్" అన్నాడు. "దాటింది."

"గట్లయితే ఇగ నేను వెనకకు రానీకె లేదు" అంది ఆమె. గొంతులో భయమో సంతోషమో పట్టుకోలేకపోయాను. "అవతల ఏమున్నది సాబ్?"

"తెల్వది" అన్నాడు చాచా.

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. మేక ఏ రంగో, తహసీల్దారు అత్తగారు ఏ పూట నిద్రపోతుందో తెలిసిన మనిషి. బల్ల అంచు దగ్గర నిలబడి చేత్తో తడుముతున్నాడు. తరువాత ఆమె సబ్బు ముక్క తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బల్ల కింద, సిమెంటు గచ్చు మీద, ఒక రోడ్డు గియ్యడం మొదలుపెట్టాడు. మిషన్ కాళ్ళ మధ్య నుంచి, గుడ్డపేలికల పక్క నుంచి, గడప దాకా. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని కూడా దాటించాడు.

జాకెట్టు కోసం వచ్చినావిడ మెట్ల మీద ఆగిపోయింది. "ఏందమ్మా ఇది?"

"రోడ్డు" అంది అక్క. "పక్కకెళ్ళి రా, బస్సొస్తది."

తిరుగు ప్రయాణంలో చాచా కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "ఆరేండ్ల సంది వంతెన దగ్గర్నే ఎందుకు ఆపిన్నో ఎర్కేనా? అవతల నా దగ్గర ఏం లేకుండె. గా ఎనిమిది మంది పేలగొట్టకపోతే గా రోడ్డు గీసేటోన్నే కాదు." కొంచెం ఆగి, "గట్లని మల్ల పేలగొట్టకు" అన్నాడు.

తరువాత రెడీమేడ్ బట్టలొచ్చాయి. కుట్టుమిషన్లు తగ్గాయి, మిస్త్రీ తిరుగుళ్ళు తగ్గాయి. తొంభైలు అయిపోయేసరికి నా బల్ల మీద బట్ట తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన కాళ్ళు పట్టేశాక పుస్తకం, గవ్వలు అక్క దగ్గర పెట్టాడట.

పార్సిల్ అందిన రోజే అక్క ఫోన్ చేసింది. "జాకెట్టు ముక్క పెట్టిన పేజీ సూడు సర్పంచ్. నీకు తెలువాల్సిన టైమైంది."

చూశాను. ఆ ఆదివారం పేజీ. పెన్సిల్‌తో, ఆయన గుండ్రని అక్షరాలు: "బస్సు. వంతెన. మూడు గవ్వలు. మళ్ళీ వేస్తే రెండు. దాటలేదు." దాని కింద, పెన్నుతో, కొట్టివేత లేకుండా, ఒకే ఒక్క మాట: "దాటింది."

"అక్కా! దాటలేదా?"

"నేను దాటిన అన్న. ఆయన పుస్తకం సూసి అవ్ అన్నడు. ఇగ నీదేంది నడుమ?" నవ్వింది. తరువాత నవ్వు ఆపి, "ఆయన ఒట్టు సర్పంచ్, నేనన్నది ఆయన ఒప్పుకుంటడని నేను కూడ అనుకోలే" అంది.

నిలబడ్డ గవ్వను నెల రోజులు ముట్టనివ్వని మనిషి. మడత లోపల బట్ట ఎక్కడ దాచుకున్నాడో అని ఆ పేజీని వేలితో తడిమాను నేను.

"బస్సు మస్తు తిరిగింది" అంది అక్క. "ఇగ ఇంటికి రావాలె. వంతెన లేదాయె. కట్టిస్తవా?"

ఫోన్ పెట్టేసి, పెండ్లికొడుకు ప్యాంటు పక్కకు జరిపి, సబ్బు ముక్కతో ఊరు గీశాను. గిర్ని నుంచి రైలు గేటుకు పదకొండు ఇంచులు. వాగు గీశాను. ఆరేళ్ళు అడ్డం పడ్డ సర్పంచ్, వంతెనకు మొదటి రాయి వేయించమని ఉత్తర్వు ఇచ్చి గవ్వలు వేశాడు.

మూడు.

ముప్పై ఇంచులవాడికి ఒక్కటే వేత. అయిపోయింది అనుకుని పుస్తకం ముయ్యబోయాను. జాకెట్టు ముక్క ఉన్న పేజీ వెనక వైపు నా కొలతలు కనిపించాయి. సర్పంచ్, గవ్వలపేట. భుజం పదహారు. నడుము ముప్పయ్యెనిమిది, అది అన్యాయం. ఛాతీ ముప్పై అన్నది కొట్టేసి ఉంది. పక్కన, "దాటింది" అని రాసిన పెన్నుతోనే, ముప్పయ్యారు అని ఉంది. కింద, "చౌటుప్పల్‌లో కొలిచిన" అని ఉంది.

ఆయన ఆ తరువాత ఎన్నేళ్ళు నా దుకాణానికి వచ్చాడు, ఎన్నిసార్లు నేను ముప్పై ఇంచుల మీద గొడవపడ్డాను. ఒక్కసారీ చెప్పలేదు.

గవ్వలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.